మిషన్‌కు కట్టిన దస్తీ

కొవిడ్ తగ్గి ఆఫీసులు మళ్ళీ నిండిన ఏడాది, వేసవి మొదట్లో, నన్ను నానక్‌రామ్‌గూడలోని ఒక రంగుల కంపెనీ ప్రయోగశాలకు పంపారు. అప్పటికి నేను సీనియర్ ఇండస్ట్రియల్ హైజీనిస్టును. ఆ మాట వినగానే మా చందానగర్ అపార్ట్‌మెంటు వాళ్ళు నన్ను బాత్రూములు తనిఖీ చేసే ఆవిడనుకునేవారు. చెప్పీ చెప్పీ విసిగి వదిలేశాను. నిజానికి పనిచేసే చోట మనుషుల ఊపిరితిత్తుల్లోకి ఏం పోతోందో, ఎంత పోతోందో అంచనా కట్టడం మా పని.

అక్కడ కార్బన్ నానోట్యూబుల పొడిని తూచి రంగుల్లో కలిపేవారు. నానో అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు లెక్కన కొలిచే సరుకు. కంటికి కనబడదు గానీ ఊపిరితిత్తుల అడుగుదాకా తాపీగా వెళ్ళి కూర్చుంటుంది.

తూచే పని యాదమ్మది. పక్క బస్తీ అమ్మాయి, అప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నాను, వేరే పనికి మార్చండని అడిగితే, మేనేజరు ప్రసాద్ గారు ముందు రిపోర్టు రానివ్వమన్నారట. అంటే ఆ పిల్ల ఆ గదిలో ఉండాలో వద్దో మా కొలతలే తేల్చాలి.

మా పద్ధతి ఇదీ. పని మొదలవకముందే గదిలో గాలిని ఒకసారి కొలుస్తాం. రోడ్డు మీది డీజిల్ పొగలోనూ, కింద క్యాంటీన్ పోపు పొగలోనూ ఉండేవి ఇంచుమించు ఆ సైజు కణాలే కాబట్టి వాటి అంకెను తర్వాతి లెక్కలోంచి తీసెయ్యాలి. తర్వాత బల్ల మీద కణాల కౌంటరు పెడతాం. పనిచేసే మనిషి నడుముకు చిన్న పంపు కడతాం. దాని గొట్టం చివరి ఫిల్టరు డబ్బీ కాలరుకు, ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. డబ్బీ పీల్చిందే మనిషి పీల్చినట్టు లెక్క.

సంచీ విప్పినప్పుడల్లా కౌంటరు ఎగిరిపడింది. ఫిల్టరు మాత్రం మా ల్యాబు నుంచి కడిగిన ముత్యంలా వచ్చింది. “కౌంటరుకు పోపు పొగకీ పొడికీ తేడా తెలీదని మీరే అన్నారు కదండీ, ఫిల్టరు మాటే తీసుకుని సంతకం పెట్టేయండి,” అన్నారు ప్రసాద్ గారు. చెడ్డమనిషి కాదు, తొందర ఎక్కువ. రూలు ప్రకారం ఆయన మాటే కరెక్టు. నాకు చిర్రెత్తుకొచ్చింది, ఆయన మీద కాదు, పొంతన లేని ఆ రెండు అంకెల మీద. మళ్ళీ కొలుస్తానన్నాను.

మామూలుగా పంపు కట్టి మేం పక్కకు తప్పుకుంటాం. ఈసారి గది కిటికీ అద్దం వెనక నిలబడ్డాను. యాదమ్మ లోపలికి వెళ్ళి, ముక్కుకు కట్టుకున్న దస్తీ విప్పి, మనం టీవీ రిమోటుకు కవరు తొడిగినట్టు డబ్బీకి శుభ్రంగా చుట్టి ముడేసింది. తర్వాత ఉత్త ముక్కుతో సంచీ మీదికి వంగింది. వెంటనే బయటికి పిలిచి, ఇదేం పని అని అడిగాను.

“సార్ చెప్పిండు గద మేడం, లక్షల మిషన్, దుమ్ము పట్టనీయకు అని. ఖరాబైతే నా నౌకరి పోతది. నా తాన ఉన్నది గీ ఒక్కటే దస్తీ.”

మరి నీ ముక్కు సంగతేంటన్నాను.

“నాదేముంది మేడం, ఇంటికి పోయి కడుక్కుంట.”

నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ పొడి ఉండలు కట్టి ఎగురుతుంది, ఉండల్ని గుడ్డ ఆపేస్తుంది. ఫిల్టరు తెల్లగా రావడానికి కారణం అంతే.

ఆమెను ఇక ఆ గదిలోకి పోనివ్వలేదు. దస్తీ సంగతి విని, నేను అడగకముందే ప్రసాద్ గారు, ముఖానికి గట్టిగా అతుక్కునే రెస్పిరేటరు బిగించుకుని, నడుముకు పంపు కట్టించుకుని తనే తూచారు. ఈసారి ఫిల్టరు నల్లగా వచ్చింది. మేం పాటించే హద్దు దాటింది. ఆయన రిపోర్టు చదివి యాదమ్మను స్టోర్సుకు మార్చారు. కొన్నాళ్ళకు ఆ గదిలో తూచే బల్ల మీద, లేచిన పొడిని గాలితో పాటు లాగేసే అద్దాల అర బిగించారు.

ఆ తర్వాత నా సర్వీసులో పంపు కట్టేటప్పుడు దాని ఖరీదు ఎవరినీ చెప్పనివ్వలేదు. ఇది మురికి కావడానికే ఉంది, పాడైతే ఇంకోటి వస్తుంది, మీరు పీల్చేదంతా దీన్నీ పీల్చనివ్వండి అని నేనే చెప్పేదాన్ని. ఆ మాట వాళ్ళు నాకు తిరిగి అప్పజెప్పాకే మీట నొక్కేదాన్ని.