దోసిట్లో వడగట్టని నీళ్లు

లెక్కల పాఠం జరుగుతోంది. ఎడమ చీలమండ దగ్గర నిప్పురవ్వ పడ్డట్టు మండింది. చూస్తే చింతగింజంత బొబ్బ. మూడో రోజు అది పగిలి, తెల్లటి దారం కొసలాంటిది బయటికి వచ్చింది. మా అమ్మను నేను అవ్వ అనేవాణ్ణి. ఆమె చూసి నెత్తి కొట్టుకుంది.

"నారికురుపురా కొడుకా! ఇగ నీ బడి ఖతం."

కోదాడ దగ్గర చిలుకూరు మాది. అవి పందొమ్మిది వందల నలభైల చివరి రోజులు. నాకు పన్నెండేళ్లు. మా వాడ నుంచి బడికి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ జబ్బు సంగతి నాకు తెలియక కాదు. ఏడాది ముందే మిర్యాలగూడ నుంచి ఆరోగ్యశాఖ సాహెబు ఒకాయన బడికి వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన ఉర్దూలో చెప్పింది మా సారు తెలుగులో చెప్పాడు.

"నీళ్లు నాలుగు మడతల బట్టల వడగట్టుకొని తాగాలె. లేకుంటే నారికురుపు లేస్తది. సమజయిందా?"

"అయింది సార్!" అందరికంటే నా గొంతే పెద్దది.

ఆ వారమే అవ్వతో జొన్నకోతకు పోయాను. అక్కడి దిగుడు బావిలోకి మేము దిగకూడదు. రైతు భార్య దిగి ముంచుకొచ్చి పైనుంచి పోస్తే, దోసిలి పట్టి తాగాలి. నేను దోసిలి మీద గుడ్డ మడత పరిచాను.

"ఏందిరా గది? మా బాయిల పురుగులున్నయా?" అందామె.

"సాహెబు చెప్పిండు పటేలమ్మా, వడగట్టుకోమని."

"అట్లనా? అయితే సాహెబునే వచ్చి పొయ్యమను."

బిందె కింద పెట్టేసింది. నా వెనక కూలోళ్లంతా నోరెండి నిలబడ్డారు. అవ్వ నా గుడ్డ లాగిపారేసింది. "పోరడు, వానికేం ఎరుక? జర పొయ్యి తల్లీ" అని బతిమాలింది. తాగాను. ఇంట్లో కుండ నీళ్లు అవ్వ ఆనాటి నుంచి వడగట్టేది. బయట తాగేవన్నీ మాత్రం దోసిలి నీళ్లే.

బొబ్బ పగిలాక మంగలి తాత ఆ పురుగు కొసను చీపురుపుల్లకు చుట్టి కట్టాడు. "రోజుకు ఒక్క సుట్టు. తొందరపడితే తెగుతది. తెగితే కాలు పోతది" అన్నాడు. రెండు వారాలు ఓపిక పట్టాను. కోదాడలో పరీక్ష దగ్గర పడింది, అక్కడిదాకా నడిచి పోవాలి. ఒకేసారి నాలుగు చుట్లు తిప్పాను. తెగింది. ఆ తప్పు నాదే.

మర్నాటికి జ్వరం. కాలు మోకాలి దాకా ఉబ్బింది. దారుల్లో దళాలకూ పోలీసులకూ గొడవలని బండి కట్టడానికి ఎవరూ రాలేదు. సూర్యాపేట దవాఖాన చేరేసరికి నాలుగు రోజులైంది.

"ఎవరు లాగిన్రు?" అన్నాడు డాక్టరు.

"నేనే సార్."

"సెప్టిక్ అయింది. ఆపరేషన్ చేసి చీము తియ్యాలె. పెన్సిలిన్ లేదు, సల్ఫా బిళ్లలతోనే సూద్దాం."

రోజూ డ్రెస్సింగ్. గాయం మానిందనుకున్నాక పక్కనే మళ్లీ చీము పట్టింది, మళ్లీ కోశారు. చివరికి డాక్టరు అన్నాడు: "పానం దక్కింది. చీలమండ జాయింటు మాత్రం స్టిఫ్ అయింది, ఇగ వంగది. నీళ్లు వడగట్టుకోమని నీకెవరూ చెప్పలేదారా?"

"చెప్పిన్రు సార్."

మళ్లీ బడి ముఖం చూడలేదు. సూర్యాపేటలోనే కుట్టుపని నేర్చుకున్నాను. సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని, సగం అర్థమైనా కాకున్నా, దొరికిన ప్రతి పుస్తకం చదివాను. ఏ బడీ నేర్పని సంగతి ఒక ఆరోగ్య పుస్తకంలో దొరికింది: పుండున్న కాలు నీళ్లలో పెడితే, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలోకి వదులుతుంది. ఆ పేజీ మూడుసార్లు చదివాను. మేము దిగితే మైలపడుతుందన్న బావి అది. అందులో కాళ్లు పెట్టింది ఆ రైతు ఇంటివాళ్లే. వాళ్ల పుండ్లలోని పురుగు పిల్లే, తాగిన నీళ్లతో నా ఒంట్లోకి వచ్చింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. మిషన్ కుడికాలితోనే తొక్కి బతికాను. ఆ జబ్బు దేశంలో లేకుండా పోయింది. నా చీలమండ ఇప్పటికీ వంగదు.

మా ఇంటి పక్క బడికి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. మొన్న ఒక నర్సమ్మ పిల్లలకు సబ్బుతో చేతులు కడుక్కోమని చెబుతుంటే అడిగాను.

"బిడ్డా, ఈ బడి నల్లా సూసినవా?"

"లేదు తాతా."

తీసుకుపోయి చూపించాను. తిప్పితే నీళ్లకు బదులు గాలి వచ్చింది.

పిల్లలకు జాగ్రత్తలు చెప్పబోయే వాళ్లకు నా సలహా ఒక్కటే. నోరు విప్పే ముందు ఆ పిల్లలు నీళ్లు తాగే చోటికి నడిచి వెళ్లండి. ఆ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కోండి. మీ ఉపన్యాసం ముందు ఆ నీళ్లు చేతిలో ఉన్నవాళ్లకు ఇవ్వండి.