ముందే పైకొచ్చిన తాత

ఆ రోజుల్లో, అంటే బంగారు గనులు మూతపడి మా ఊళ్ళో తీరిక తప్ప ఇంకేమీ తవ్వడానికి మిగలని రోజుల్లో, భూగర్భంలో మృత్యువుతో జరిగిన ఒక మహాసంగ్రామం నా నోట పలికింది. ఆ వీరగాథ ఇప్పుడు మీకు వినిపిస్తాను. (నిజానికి అది మా ఊళ్ళోని కోరమండల్ పేట చర్చి హాల్లో జరిగిన పది నిమిషాల కథల పోటీ. గెలిస్తే కోలారులో జిల్లా పోటీకి పంపుతారు. గెలిచేది నేనేనని కార్మికుల ఇళ్ళ లైనంతా ముందే చాటేసి ఉన్నాను.)

కథ మా తాతది. గనిలో రాయి కూలి ఆయన ఒక పూటంతా చీకట్లో చిక్కుకుపోయాడు. దాన్ని ఎప్పుడు చెప్పినా "నేను పైకొచ్చేసినాను. ఏమైందంటే..." అనే మొదలుపెట్టేవాడు. మా లైన్లో గని కథ ఎవరు చెప్పినా అదే పద్ధతి. మనిషి పైకొచ్చాడని చెప్పాకే రాయి పడాలి. ముగింపు ముందే తెలిస్తే అదేం కథ అని, అప్పుడే కాలేజీలో చేరిన నా జ్ఞానం నవ్వింది. వరుస మార్చేశాను. ముందు సైరను, తర్వాత చీకటి. తాత ప్రాణాన్ని మాత్రం చివరి నిమిషానికి దాచిపెట్టాను.

పోటీ రోజు తాత, అవ్వ ముందు వరసలోనే కూర్చున్నారు. నేను సైరను మోగించాను (నోటితోనే), రాయి కూల్చాను, దీపం ఆర్పాను, గొంతు తగ్గించి ఆగాను. కోలారు బస్సెక్కేసినట్టే అనుకుంటుండగా అవ్వ లేచి నిలబడింది.

"రేయ్, పైకొచ్చినాడా లేదా? ముందు అది చెప్పు!"

తాత ఆమె కొంగు లాగాడు. "ఏమ్మే, నేను యాడికి పోయినాను? నీ పక్కనే ఉండాను గదా!"

"నువ్వు ఊరికే ఉండప్పా. వాడింగా నిన్ను పైకి తేలేదు."

వెనక మరో నలుగురు ముసలమ్మలు లేచారు. "చెప్పప్పా, పాపం ఆయమ్మ నిలబడుకోని ఉండాది."

"పైకొచ్చినాడు," అన్నాను.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. అవ్వ కూర్చుని, "ఇంగ నిదానంగా చెప్పు," అంది. మిగిలిన ఏడు నిమిషాలూ తాత వరుసలోనే చెప్పాను. ఎంత హాయిగా విన్నారో! "ఉత్కంఠను నువ్వే చంపేశావు బాబూ," అన్నారు న్యాయనిర్ణేత. కోలారుకు పులి కథ చెప్పిన అమ్మాయి వెళ్ళింది. (ఆ పులి నోట్లో పడ్డది హాల్లో ఎవరి ఇంటాయనా కాదు.)

ఇప్పుడు నాకు బెంగళూరులో ఉద్యోగం, రోజూ రైలు. సాయంత్రం అవ్వకు ఫోన్ చేస్తే నా మొదటి మాట "ఎక్కేసినానవ్వా." తోపులాట కథ ఆ తర్వాతే. అప్పటి నాలోని కథల పండితుడు వింటే ఎంత నొచ్చుకునేవాడో అని నవ్వుకుంటాను. ఆ రోజు నాకు దక్కిన ప్రోత్సాహక బహుమతి, ప్లాస్టిక్ సబ్బుపెట్టె, ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాని అడుగున రంధ్రం లేదు. నీళ్ళు నిలిచి సబ్బు కరిగిపోతుంది.