స్టూలు పట్టుకున్న మేడమ్

నిన్న సూర్యాపేటలో స్టీలు సామాన్ల కొట్లో మా పాప ఆద్యకు టిఫిన్ డబ్బా కొన్నాను. "పేరేం కొట్టాలె అమ్మా?" అని అడిగి కొట్టతను మిషను ఆన్ చేశాడు. ఆ సూది ట్ర్‌ర్‌ర్‌మని మోగి, వేడెక్కిన స్టీలు వాసన ముక్కుకు తగలగానే నా కళ్ల ముందు డబ్బా లేదు, నా మొదటి ఫోను వీపు ఉంది. వెంటనే రాజేశ్వరి మేడమ్ నవ్వు కూడా వినిపించింది. ఆద్య రేపు మొదటిసారి బడికి పోతుంది. అది హాయిగా నిద్రపోతోంది. నిద్ర పట్టనిది నాకే, అందుకే రాస్తున్నాను.

మాది గరిడేపల్లి. గొర్రెలున్న ఇల్లు. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, కోదాడలో మా యూనివర్సిటీ కాలేజీకి వైఫై వచ్చింది. నాన్న నాకు టచ్ ఫోను కొనిచ్చాడు. దాన్ని నాకంటే ముందు అమ్మ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నేరుగా స్టీలు కొట్టుకు పట్టుకుపోయింది. కొట్టతను భయపడ్డాడు. "అవ్వా, ఇది గిన్నె కాదే!"

"గిన్నె కాదని నాకెర్కలేదా? హాస్టల్ల గ్లాసులే ఉంటలేవంట, గింత ఫోను ఉంటదా? నువ్వు కొట్టు."

"సరే, పిల్ల పేరు కొడ్త. ఊరు పేరెందుకు?"

"దొరికినోడు యాడికి తెచ్చియ్యాలె మరి?"

అలా నా ఫోను వెనక "మంగ, తల్లి యాదమ్మ, గరిడేపల్లి" అని చిరకాలం నిలిచేలా పడింది. పక్కన ఒక పువ్వు కూడా. అది కొట్టతను ఉచితంగా వేసింది.

కాలేజీలో వైఫై బాధ్యత రాజేశ్వరి మేడమ్‌ది. మిర్యాలగూడలో రైసు మిల్లున్న కోమట్ల ఇంటి ఆడపడుచు, మాకు కంప్యూటర్ పాఠం చెప్పేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఊరందరి ఫోన్లకూ వైఫై కలిపే ఆవిడ చేతిలో మాత్రం బటన్ల ఫోను ఉండేది. ఫోన్లు కలిపే రోజున ల్యాబు ముందు వరసగా నిలబడ్డాం. మేడమ్ పద్ధతి ఒకటుంది. ఎవరి ఫోనూ ముట్టుకోదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మెడ ముందుకు చాచి, నోటితోనే నడిపిస్తుంది. "సెట్టింగుల్లోకి పో. ఇంకా కిందికి. అది కాదు తల్లీ, దాని కింద." ఎవరైనా బతిమాలితే ఒకటే మాట. "నీ ఫోను నువ్వే నొక్కు. నేను నొక్కితే నాకొస్తది, నాకు వచ్చిందే మళ్లీ నాకెందుకు?"

నా వంతు వచ్చింది. అందరి ఫోన్లూ కలిశాయి, నాదానికి మాత్రం వైఫై ఉన్నట్టే తెలియలేదు. "వెనక్కి తిప్పు, చూద్దాం" అంది మేడమ్. తిప్పాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, పైకే, వరసంతా వినేలా చదివింది. ఆ తర్వాత నవ్వుతూ కుర్చీలో కూలబడింది. "మా ఇంట్లో గరిటెలకు కూడా పేర్లున్నయ్ మంగా. ఫోను ఒక్కటే తప్పించుకుంది అనుకున్నా!" నేను ఏడుపు మొహం పెట్టేసరికి, వెనక రేకు ఊడదీయమని చెప్పింది. వైఫై సిగ్నల్ పట్టే సన్నని తీగ ఆ రేకు లోపలే అంటించి ఉంది. మా అమ్మ పేరులోని 'దమ్మ' దగ్గర సూది దాన్ని తెంపేసింది. కోదాడంతా వెతికినా ఆ రేకు ఇంకోటి దొరకలేదు. ల్యాబు గోడకు పైన బిగించిన వైఫై పెట్టెకు ఆనించినంత దగ్గరగా పెడితే తప్ప నా ఫోను కలిసేది కాదు.

పరీక్షలయ్యాక ఎంసీఏ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టాలి. నాన్న ముందే తేల్చి చెప్పాడు. "సీటొస్తే పో బిడ్డా. రాకుంటే ఇగ సదువు ఖతం." ఏ కాలేజీ ముందు రాయాలో తేలక రోజుకోసారి వరస మార్చుకుంటూ ఆఖరి రోజు దాకా తెచ్చుకున్నాను. ఆ రోజు పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఊళ్లో నెట్ సెంటర్లు మూసేశారు. నా ఫోన్లోని నెట్‌తో ఆ పేజీ తెరుచుకునేలోపు గడువు దాటిపోతుంది. కాలేజీకి పరిగెత్తాను. సెలవులు, పిల్లలెవరూ లేరు, ల్యాబులో మేడమ్ ఒక్కతే ఉంది. కంప్యూటర్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. పాత ఇన్వర్టరు మీద వైఫై పెట్టె ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది.

"అదెంతసేపుంటదో తెల్వదు, ఎక్కు" అంది మేడమ్. బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కాను. నా తల కప్పుకు తగిలింది. స్టూలుకు ఒక కాలు పొట్టి, నేను వణికితే అదీ వణికింది. పాస్‌వర్డు కొట్టాను, తప్పు. మళ్లీ కొట్టాను, తప్పు. "మేడమ్, నా వల్ల కాదు. దండం పెడ్త, మీరెక్కండి!"

"నేనెక్కితే నీ సీటు నాకిస్తరు. కొట్టు."

కలిసింది. పేజీ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అమ్మ!

"తిన్నవా బిడ్డా?"

"అమ్మా, స్టూలు మీదున్న, తర్వాత చేస్త."

"స్టూలు మీదెందుకే? బల్లి గిట్ల వచ్చిందా? గదిగాని, ఫోను మీద పేరు చెరగలే గదా?"

"చెరగలేదమ్మా! అది జన్మలో చెరగదు!"

కింద నుంచి నవ్వు వినిపించింది. అప్పుడు చూశాను. స్టూలు ఊగడం ఎప్పుడో ఆగిపోయింది. మేడమ్ చేతులు వెనక లేవు. బల్లకు పొట్ట ఆనించి, రెండు చేతులతో స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకుని ఉంది. నేను చూస్తున్నానని గమనించి గదిమింది. "నన్నేం చూస్తవ్? ఫోను చూడు. ఫోను నీది, స్టూలు నాది."

ఆప్షన్లు పెట్టి, సేవ్ చేసి దిగాను. ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయింది. సీటు వచ్చింది. ఆ చదువుతోనే ఈ ఉద్యోగం, ఈ ఇల్లు. ఆ మధ్యాహ్నం మేడమ్ చీర కుచ్చిళ్ల నిండా బల్ల దుమ్ము.

నేను ప్రతిదానికీ ముందే చేయి చాచే తల్లిని. ఆద్య చెప్పు తొడుక్కోకముందే తొడిగేస్తాను. రేపు బడిలో డబ్బా మూత ఎవరు తీస్తారన్నదే నిన్నటి నుంచీ నా బెంగ. ఇందాక అన్నానికి కూర్చున్నప్పుడు డబ్బాలో పప్పు పోసి, మూత తీయమని దానికే ఇచ్చాను. లాగింది, రాలేదు. డబ్బా నేల మీద జారిపోతోంది. "నువ్వే తియ్యమ్మా" అని మూలిగింది. నా చేయి మూత దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను. డబ్బా జారకుండా అడుగున గట్టిగా పట్టుకున్నాను.

మూత టప్పుమని ఊడి, పప్పు నా మొహాన పడింది.