రైట్ చెప్పిందెవరు?

నమాజు చదివి లేచి ఇది రాస్తున్నా. నమాజుకి ముందు వుజూ అని కాళ్లూ చేతులూ కడుక్కున్న తడి ఇంకా చేతుల మీద ఆరలేదు. ఈ తడి మీద అబద్ధం రాయను. నమ్మేవాళ్లు నమ్మండి... లేనివాళ్లు కథ అనుకోండి. ఫుజైరా కొండల దారిలో ఆ రాత్రి నాకు జరిగింది జరిగినట్టే చెప్తా.

మేం నెల్లూరోళ్లం. ఉండేది దుబాయ్ పక్కన అజ్మాన్‌లో. మా ఆయన గౌస్ ఇక్కడ ఒక గ్యారేజీలో మెకానిక్కు. నేను బడికి పోలేదు. మా నాయన లారీ డ్రైవరు. లారీల వెనక రాతలు చూపించి నాకూ మా ఆపాకీ అక్షరాలు నేర్పాడు. ఆపా అంటే మా అక్క. అల్లా దయ, ఆ అక్షరాలే ఈ రోజుకీ నాకు తోడు.

నాయన ఇంకోటి కూడా నేర్పాడు. లారీ వెనక్కి తీసేటప్పుడు మేమిద్దరం వెనక నిలబడాలి. అరచేత్తో బాడీ మీద ఒక దెబ్బ కొడితే... ఆగు. రెండు కొడితే... రైట్, పో. అప్పట్లో నాయన దగ్గర క్లీనర్ ఈ గౌసే. డ్రైవరయ్యాక కూడా ఈయనకి అద్దంలో చూడటం కంటే ఆ దెబ్బ వినడమే అలవాటు. ఒకటి వినపడితే కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. ఆగాక, రెండు వినపడందే బండి కదలదు. ఇప్పటికీ అంతే.

పెళ్లయ్యాక మేం ఇక్కడికొచ్చాం. వెనకాలే ఆపా వచ్చింది, ఒక అరబ్బు ఇంట్లో వంటకి. సెలవు రోజు మా దగ్గరే. సాయంత్రం అజ్మాన్ బీచ్‌కి తీసుకుపోతే మూతి ముడుచుకునేది.

"ఇదేం సముద్రమే? సూర్యుడు మునగడమే గానీ లేవడం లేదు. మన మైపాడులో నీళ్లలోంచి లేస్తాడు గదా!"

"ఫుజైరాలో లేస్తాడు వదినా. అది తూర్పు సముద్రం" అన్నాడు గౌస్.

అంతే. అప్పటినుంచీ ఆపాది ఒకటే పాట. చలికాలం అరబ్బులు పెద్ద బండికి కారవాన్ తగిలించుకుని పోతారే... చక్రాల మీద ఇల్లు... అట్లా పోవాలి. సముద్రం పక్కన పడుకోవాలి. తెల్లారుజామున ఫజర్ నమాజు చదివి, తలుపు తీసి, సూర్యుడు లేవడం చూడాలి.

"చూపిస్తావా మరిదీ?"

"చూపిస్తా వదినా. నీ బరువు లాగే బండి దొరకనీ!"

చెంప మీద చిన్నగా ఒకటి పడేది గౌస్‌కి.

తర్వాత కరోనా వచ్చింది. ఆపా ఆసుపత్రిలోకి తన కాళ్లతో నడిచిపోయింది. మళ్లీ మమ్మల్ని చూడనివ్వలేదు. మట్టి కూడా వేరేవాళ్లే ఇచ్చారు. పిడికెడు వేసుకునే భాగ్యం మాకు లేకపోయింది. ఒక సలాం... అది కూడా చెప్పలేదు నేను.

రెండేళ్లు పోయాక, గ్యారేజీ మూలన ఎవరో వదిలేసిపోయిన కారవాన్‌ని ముదీరు, అంటే అక్కడి మేనేజరు, గౌస్‌కే తీసుకోమన్నాడు. గౌస్ రాత్రిళ్లు కూర్చుని దాన్ని బాగు చేశాడు. ఆపాకిచ్చిన మాట కోసమని నాకు తెలుసు. మా చిన్న కారు దాన్ని కదిలించలేకపోయింది. అందుకని పాత పెద్ద బండి కోసం వెతుకులాట. ఒకదానికి కారవాన్ తగిలించే కొక్కెం ఉంటే గేరుబాక్సు బాగుండదు. ఇంకోదానికి ఇంజను బాగుంటే అడుగున తుప్పు. చివరికి ఒక అరబ్బు ముసలాయన ఇంటి ముందు దొరికింది. ఎనిమిది సిలిండర్ల ఎస్‌యూవీ. గౌస్ అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు. చానాసేపటికి మొహం నిండా దుమ్ముతో బయటికొచ్చి, "కొక్కెం ఛాసిస్‌కే బిగించుంది మే. చీలిక లేదు" అన్నాడు.

"ఇంత బండా? పెట్రోలు తాగదూ?" అన్నా.

ముసలాయనకి తెలుగు రాదు. కానీ నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. "ఒంటె తాగదా బేటీ? తాగితేనేగా ఎడారి దాటించేది" అన్నాడు హిందీలో. తాళంతో పాటు ఇన్ని ఖర్జూరాలు కూడా చేతిలో పోశాడు. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి.

గౌస్ స్టీరింగ్ ముందు కూర్చుని, తాళం తిప్పేముందు వెనక్కి తిరిగి చూశాడు. "వెనక సీట్లో వదిన కాళ్లు చాపుకుని కూర్చునేది" అన్నాడు.

ఆ వారమే బయల్దేరాం. దారిలో పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చదువుకున్నాం. కొండల్లోకి వచ్చేసరికి బాగా చీకటి పడింది. కారవాన్ లాగేటప్పుడు గౌస్ అద్దాలు దించే ఉంచుతాడు, వెనక చప్పుడు వినపడాలని. చలిగాలి. ఇంజను హోరు. ముందూ వెనకా ఒక్క బండి లేదు.

అప్పుడు...

ఠప్.

ఒక్కటి. వెనకనుంచి. రేకు మీద అరచెయ్యి.

గౌస్ కాలు బ్రేకు మీద పడిపోయింది. బండి పక్కకొచ్చి ఆగింది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

టార్చి తీసుకుని దిగాం. కొక్కెం చూశాడు. గొలుసులు చూశాడు. టైర్లు తట్టి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కారవాన్ తలుపు తీశాం. గ్యాస్ సిలిండర్ కట్టు వదల్లేదు. గిన్నెలు కదల్లేదు.

"ఏదో రాయి తగిలుంటుంది" అన్నా.

"రాయి అరచేత్తో కొడుతుందా మే?"

మళ్లీ ఎక్కి కూర్చున్నాం. ఇంజను తిరుగుతోంది. బండి కదలదు.

"పదయ్యా."

"రైట్ చెప్పందే ఎట్లా పోను?"

ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. "దిగి కొట్టు మే" అన్నాడు మెల్లగా.

దిగాను. కారవాన్ పొడుగునా నడిచి వెనక్కి పోయాను. ఆగి ఆగి వెలిగే ఎర్ర లైట్లు కొండరాళ్ల మీద పడుతున్నాయి... పోతున్నాయి... పడుతున్నాయి. చెయ్యెత్తాను.

చెయ్యి కిందికి రాలేదు.

నేను రెండు కొడితే బండి పోతుంది. ఆపమన్నవాళ్లు... ఇక్కడ ఉండిపోతే?

పోయినవాళ్లు తిరిగి రారని మా దీన్, మా మతం, చెప్తుంది. నేను నమ్ముతా. నమ్ముతూనే, ఆ రేకుకి నోరు దగ్గర పెట్టి, "అస్సలాము అలైకుం ఆపా" అన్నా. అప్పుడు చెప్పలేకపోయిన సలాం. చెప్పి... ఆగాను. ఊపిరి కూడా పీల్చలేదు. ఒక్క మాట. ఒక్క చిన్న దెబ్బ. ఏదైనా సరే, యా అల్లా, ఏదైనా.

ఏమీ లేదు. గాలి కూడా లేదు.

ఎత్తిన నా చేతి ముందునుంచి కారవాన్ కదిలింది.

ముందుకు పోతోంది! పరిగెత్తా. చున్నీ జారిపోయింది. కారవాన్‌ని అందుకుని రేకు మీద ఒక్కటి కొట్టా. ఆగింది. గౌస్ దిగి వచ్చాడు.

"ఏంది మే, రెండు కొట్టి అక్కడే నిలబడ్డావా?"

"నేను కొట్టలేదు."

"కొట్టావు. రెండు విన్నా."

"చెయ్యి ఎత్తానంతే. దించలేదయ్యా. ఖురాన్ మీద ఒట్టు."

ఆయన నా చెయ్యి పట్టుకుని టార్చి వెలుగులో అరచెయ్యి చూశాడు. "నీ దెబ్బ నాకు తెలీదా? చప్పగా ఉంటుంది. ఇప్పుడు కొట్టావే, అట్లా. ఆ రెండూ..." అని ఆగిపోయాడు. ఆ ముక్క ఇప్పటికీ పూర్తి చెయ్యలేదు.

ఫుజైరా చేరాం. ఫజర్ చదివి తలుపు తీశాం. సూర్యుడు నీళ్లలోంచే లేచాడు. అల్‌హమ్దులిల్లా. చూశాం. ఇద్దరమే చూశాం.

ఏమై ఉంటుందో నాకు తెలీదు. ఏడుపులో నాకే తెలీకుండా నా చెయ్యి పడిందా? ఆయన వినాలనుకున్నదే ఆయన చెవి వినిందా? భయం వేసిందా అని అడుగుతారు అందరూ. వేసింది. కానీ ఆయనకి వినపడిందే, అంత దూరంలో కూర్చున్న మనిషికి... ఆ రేకు పక్కనే నిలబడ్డ నాకెందుకు వినపడలేదు? నన్ను తినేసేది ఇదొక్కటే.

ఇప్పటికీ బండి తీసేటప్పుడు వెనక నేనే నిలబడతా. రెండు కొట్టేముందు కొంచెం ఆగుతా. ముందునుంచి గౌస్ ఒక్కసారి కూడా హారన్ కొట్టడు. ఆయన కూడా ఆగుతాడు.