వడ్డనలో నేర్చిన సైగలు

తిరుమలగిరి దగ్గర మా వాగుకు వంతెన లేని రోజులవి. మా మరిది సాయిలుకు మాటా, వినికిడీ లేవు. అన్నం వడ్డిస్తూ అతని సైగలు నేర్చుకున్నాను. వేళ్లు ఆడిస్తే 'ఇంకొంచెం' అని, అరచెయ్యి అడ్డం పెడితే 'చాలు' అని.

"మాటలు రానోనితోని ఏం ముచ్చట్లు వెడ్తవే?" అని అత్తమ్మ నవ్వేది.

ఒకనాడు చంటిపిల్లతో వాగు దాటుతుంటే, నడిమధ్యలో నీళ్లు నడుందాకా పొంగాయి. ఒడ్డున అందరూ అరుస్తున్నారు. హోరులో ఒక్క మాటా వినపడలేదు. అడుగెక్కడ వెయ్యాలో తెలియక పిల్లను గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

సాయిలు నీళ్లలోకి దిగి వేళ్లు ఆడించాడు. కదిలాను. అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆగాను. నా ముందునుంచే పెద్ద మొద్దు కొట్టుకుపోయింది. మళ్లీ వేళ్లు ఆడించాడు. అందగానే నా రెక్క పట్టి ఒడ్డుకు లాగాడు.

అత్తమ్మ అతని చేతులు కళ్లకద్దుకుంది. "మేమంత గొంతులు చించుకొని ఒర్రినం బిడ్డా. మాట్లాడింది వీడొక్కడే."

ఇప్పటికీ అతనికి వడ్డించేటప్పుడు, ఆ చేతులిచ్చిన దేవునికి మనసులోనే దండం పెట్టుకుంటాను.