సిమెంటు నేల మీద చీపురు కర్ర

ఎఫ్రాయిముకి అరవై ఎనిమిదేళ్లు. విసురువల అల్లడంలో సెయింట్ హెలెనా దీవి మొత్తానికి అతని తర్వాతే ఎవరైనా. ఆదివారం సాయంత్రాలు ప్రార్థన ఇంట్లో పొడవాటి చీపురు కర్రతో నేల మీద తాళం వేసేదీ అతనే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కర్ర నేలకి తగిలాకే పాట లేచేది, చప్పట్లు కలిసేవి, జనం వలయం కట్టి కదిలేవారు.

ఆ వేసవిలో చెదపట్టిన చెక్కనేల పీకించి, ప్రార్థన ఇంటి పెద్ద డీకన్ టోబియా సిమెంటు చేయించాడు. అద్దంలా ఉందని అందరితోపాటు ఎఫ్రాయిమూ మురిశాడు.

మొదటి ఆదివారం కర్ర వేశాడు. టిక్కుమంది. గట్టిగా వేశాడు. మళ్లీ టిక్కే. పాటదొక దారి, చప్పట్లదొక దారి అయింది. వలయంలో బైనా అత్త తడబడి, ఒక కాలికి అడ్డంగా ఇంకో కాలు వేసేసింది. పాదం నేల మీద ఈడ్చాలే గాని కాళ్లు పెనవేస్తే అది ఆరాధన కాదు, తైతక్కలు. డెబ్భై ఏళ్లలో ఆవిడ ఎరగని తప్పు. ఏడుస్తూ బల్ల మీద కూలబడింది.

"నీ చెయ్యి పడిపోయిందయ్యా," అన్నాడు టోబియా బయటికొచ్చాక. "వచ్చే వారం ఒక్కటీ చూస్తా. కుదరకపోతే కర్ర మా అల్లుడికిచ్చెయ్."

"నీ అల్లుడా? వాడు కొడితే గుమ్మంలో కుక్క కూడా లేవదు," అంది బైనా కళ్లు తుడుచుకుంటూనే.

ఎఫ్రాయిముకి నవ్వు రాలేదు. ఇంటికెళ్లి వల ముందేసుకున్నాడు. ముడులన్నీ ఎప్పట్లాగే సమంగా పడుతున్నాయి. మరి చెయ్యి పోయిందంటాడేమిటి? బరువైన కర్ర తెచ్చి పెరట్లో కొట్టాడు. చప్పుడంతా ఇసుక మింగేసింది. ఏమీ తేలలేదు.

గురువారం రొయ్యలకని పడవెక్కి, గడకర్ర అడుగుచెక్క మీద దించాడు. ఢమ్మంది. అరికాళ్లు జిల్లుమన్నాయి. మళ్లీ దించాడు. మళ్లీ ఢమ్. సంతోషం కన్నా దిగులే ఎక్కువైంది. ఇన్నేళ్లూ మోగింది నేనా, ఆ పాత చెక్కనేలా?

ఆదివారం ఆ అడుగుచెక్క ఊడదీసి, రెండు ఇటుకలతో సహా మోసుకెళ్లాడు.

"రేపు పడవ కూడా తెస్తావా?" అన్నాడు టోబియా.

"కాస్త జరగండి డీకన్ గారూ."

ఇటుకల మీద చెక్క పరిచి కర్ర వేశాడు. కిటికీలు అదిరాయి. పాట లేచింది. బైనా అత్త బల్ల పట్టుకుని లేచి, భయంభయంగా వలయంలో చేరింది. ఎఫ్రాయిము ఆవిడ పాదాలనే చూస్తూ కొట్టాడు. ఒక చుట్టు. రెండు. అడ్డం పడలేదు.

"అల్లుణ్ని కూర్చోమను," అంది బైనా, మూడో చుట్టులో టోబియా పక్కగా పోతూ.

మోగుతున్నది చెయ్యో చెక్కో ఎఫ్రాయిముకి ఇప్పటికీ తేలలేదు. కర్ర మాత్రం ఆపలేదు.