చక్రపాణి గారి పన్నుల రిహార్సల్

చక్రపాణి గారు రిహార్సల్ లేకుండా తుమ్మరు కూడా.

ఈ సంగతి బాతెల్ అనే ఆ అమెరికా ఊళ్ళో మేధకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పుట్టినప్పటినుంచీ వాళ్ళది పక్కిల్లే. ఆమె ఆరో పుట్టినరోజుకు ముందురోజు ఆయన ఉప్మాను గుండ్రంగా అచ్చు పోసి, మీద కొవ్వొత్తులు గుచ్చి, వీధిలో పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించారు. మర్నాడు అసలు కేకు వస్తే పిల్లలు ఉప్మా ఏదని గొడవ చేశారు.

భార్య వసంతలక్ష్మి గారికి సర్‌ప్రైజ్ పార్టీ పెట్టినప్పుడూ అంతే.

"వసంతా, తలుపు తీయగానే నువ్వు నోటిమీద చెయ్యి పెట్టుకోవాలి. ఏదీ, చెయ్యి?"

"సర్‌ప్రైజ్ అని నాకే చెప్పేస్తే ఇంకేం సర్‌ప్రైజండీ?"

"చెప్పకపోతే నువ్వు సరిగ్గా ఆశ్చర్యపోతావని గ్యారంటీ ఏంటి? మళ్ళీ మొదట్నుంచి!"

ఈ 'మళ్ళీ మొదట్నుంచి' ఆయనకు ఊతపదం. ఆవిడ మొదటిసారి ఒంటరిగా ఇండియా వెళ్ళేముందు, ఖాళీ సూట్‌కేసులతో ఎయిర్‌పోర్ట్‌దాకా తీసుకెళ్ళి, దింపి, చెయ్యి ఊపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కారెక్కించుకుని వచ్చేశారు.

అలాంటి మనిషి చేతికి ఒక ప్రభుత్వ ఆఫీసు దొరికింది.

రాష్ట్రం కొన్ని పన్నుల బరువును తన నెత్తిమీదనుంచి దించుకుని ప్రాంతాలకే అప్పగించింది. హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద పన్ను ఇకనుంచి రాజధానికి పోదు. ఇక్కడే వసూలు, ఇక్కడే ఖర్చు. అందుకోసం మూతపడ్డ ఓ కార్పెట్ల షాపులో కొత్త ప్రాంతీయ రెవెన్యూ ఆఫీసు తయారవుతోంది. దానికి ట్రైనింగ్ ఆఫీసర్ మన చక్రపాణి గారు. మూడో కౌంటర్లో కొత్త క్లర్కు మేధ. ఎంతో వెతికితే దొరికిన మొదటి ఉద్యోగం అది.

మేధకు లెక్కలంటే మంచినీళ్ళ ప్రాయం. ఎదుటివాళ్ళు గొంతు పెంచితే మాత్రం నోట మాట రాదు. మొదటి రిహార్సల్లో చక్రపాణి గారు మోటెల్ యజమాని వేషం కట్టారు. కౌబాయ్ టోపీ పెట్టుకుని వచ్చి బల్లమీద దబ్బున గుద్దారు.

"ఇన్నేళ్ళు స్టేట్‌కి కట్టాను! ఇప్పుడు మీకూ కట్టాలా? రెండుసార్లు దోచుకుంటారా?"

మేధ లేచి వెళ్ళి ప్రింటర్ వెనక కూర్చుంది.

డైరెక్టర్ డోనా అది చూసింది. మంచి మనిషే, కానీ ఆఫీసు నడవాలిగా. మేధ ఇంకా ప్రొబేషన్‌లోనే ఉందని, ప్రారంభం రోజున కౌంటర్ దగ్గర నిలబడలేకపోతే ఉద్యోగం ఉండదని మెత్తగానే చెప్పింది.

"నేను క్విట్ చేస్తాను అంకుల్. ఎవరైనా యెల్ చేస్తే నా బ్రెయిన్ ఫ్రీజ్ అయిపోతుంది," అంది మేధ.

"అవనీ తల్లీ. రిహార్సల్లో ఫ్రీజ్ అయితే మన సొమ్మేం పోయింది? శనివారం మా గరాజ్‌కి రా."

గరాజ్‌లో పింగ్‌పాంగ్ బల్ల కౌంటర్ అయింది. వీధిలో తెలుగువాళ్ళంతా పన్ను కట్టేవాళ్ళయ్యారు. శనివారం పొద్దున్నే నిద్రలోంచి లాక్కొచ్చారేమో, కోపం నటించాల్సిన పని ఎవరికీ పడలేదు. అందరికంటే వసంతలక్ష్మి గారు రెచ్చిపోయారు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క పనైనా ఒక్కసారితో అయిందా ఈ ఇంట్లో?"

"వసంతా, అది పన్నుల డైలాగ్ కాదు."

"నాది మాత్రం అదేనండీ!"

మేధ పకపకా నవ్వింది. అలా వారం వారం అరుపులు తినగా తినగా ఆమెకు నోరు పెగిలింది. "రెండుసార్లు కట్టక్కర్లేదు సర్. అక్కడ ఆపేసి ఇక్కడ కట్టాలి," అని కళ్ళలోకి చూసి చెప్పేది. అయినా ప్రారంభం మాటెత్తితే చాలు, మళ్ళీ ప్రింటర్ వెనక చోటే గుర్తొచ్చేది.

"రిహార్సల్ అయితే ఐయామ్ ఫైన్ అంకుల్. రియల్ అంటేనే భయం."

చక్రపాణి గారు జీవితంలో మొదటిసారి 'మళ్ళీ మొదట్నుంచి' అనకుండా ఊరుకున్నారు.

ఇక్కడ ఇలా ఉంటే, ఆఫీసులో రిబ్బను కత్తిరించడానికీ రిహార్సల్ నడుస్తోంది. డోనా కత్తిరించడం, ఈయన టేపుతో అతికించడం, మళ్ళీ మొదట్నుంచి. పాపం ఆ రిబ్బను అతుకులబొంత అయింది. డోనాకు కత్తెర కనిపిస్తే చాలు, ఫోటోకు ఇచ్చే నవ్వు దానంతటదే వచ్చేసేది.

ప్రారంభానికి ముందురోజు, ఆదివారం, ఆయన మేధకు ఫోన్ చేశారు.

"సిస్టమ్ రెడీ కాలేదట తల్లీ. ఓపెనింగ్ బుధవారానికి పోస్ట్‌పోన్ చేశారు. రేపు డ్రెస్ రిహార్సల్. డ్రామా క్లబ్ నుంచి యాక్టర్లని పిలిచాను. బాగా అరుస్తారట."

మేధ హమ్మయ్య అనుకుంది. సర్కారు పని రెండు రోజులు వెనక్కి పోయిందంటే అనుమానించేవాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారా?

సోమవారం తలుపులు తెరవగానే మూడో కౌంటర్‌కు ద్వారబంధమంత మనిషి వచ్చాడు. ఏదో మోటెల్ యజమానిట. వస్తూనే బల్ల గుద్ది గర్జించాడు. మేధ చెంపకు చెయ్యి ఆనించుకుని ముచ్చటగా చూసింది.

"చాలా బాగా చేస్తున్నారు సర్," అంది ఇంగ్లీషులో. "కానీ బల్ల గుద్దేటప్పుడు మోచేయి కాస్త పైకెత్తాలి. మా అంకుల్ అలాగే గుద్దుతారు. తరవాతి లైను 'రెండుసార్లు దోచుకుంటారా' కదా? రెండుసార్లు అక్కర్లేదు సర్. అక్కడ ఆపేసి ఇక్కడ కట్టాలి."

సరిగ్గా ఆ మాటే అనబోతున్న మనిషి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. తరవాత పడీ పడీ నవ్వాడు. పని ముగించుకుని థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. ఆ వెనక, కార్లు అద్దెకిచ్చే ఒకావిడ ఈ కొత్త రూల్సు తనకు అర్థం కావడం లేదని ఏడ్చింది. మేధ అన్నీ విడమర్చి చెప్పి, టిష్యూ అందించి, "ఏడుపు ఎంత సహజంగా ఉందో!" అని మెచ్చుకుంది.

మధ్యాహ్నం లంచ్‌కి బయటికి వెళ్ళబోతుంటే గుమ్మం పక్కన కత్తిరించిన రిబ్బను కనిపించింది. సరదాగా చేతిలోకి తీసుకుంది. ఎర్రగా నిగనిగలాడుతోంది. తిరగేసి చూసింది. ఎక్కడా ఒక్క టేపు అతుకు లేదు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. చక్రపాణి గారు మంచినీళ్ళ మిషన్ చాటున నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"అంకుల్, ఇది కొత్త రిబ్బన్. ఈరోజు రియలా?"

"రియలేనమ్మా. డోనాకి, మిగతా స్టాఫ్‌కి ముందే చెప్పి ఉంచాను."

"మీరు నాకు లై చెప్పారు!"

"అబద్ధం నాకు అచ్చిరాదు తల్లీ. అందుకే నిన్న పొద్దున్నంతా మీ ఆంటీ ఎదురుగా ఆ ఫోన్ కాల్ రిహార్సల్ చేశాను."

అటుగా వచ్చిన డోనా, ఇకమీదట మూడో కౌంటర్ నీదేనని మేధ భుజం తట్టి వెళ్ళింది.

మేధకు అప్పుడు వెలిగింది. ఐదో పుట్టినరోజున చప్పట్లకు బెదిరి బల్లకింద దూరింది తనే. ఒంటరిగా విమానం ఎక్కాలంటే వణికిపోయింది ఆంటీ. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి గుండెదడ తెచ్చుకునేదీ ఆవిడే. ఇన్నేళ్ళూ ఈయన చాదస్తం అని నవ్వుకున్నారు గానీ, ఆ రిహార్సళ్ళలో ఒక్కటీ ఆయన తనకోసం చేసుకున్నది కాదు. మేధకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఒక్క ఉదుటున వెళ్ళి గట్టిగా కౌగిలించుకుంది.

చక్రపాణి గారు కొయ్యబారిపోయారు. ఒక చెయ్యి గాల్లో ఉండిపోయింది, రెండోది వెళ్ళి నీళ్ళ మిషన్‌ను పట్టుకుంది.

"ఇది... ఇది మనం రిహార్సల్ చెయ్యలేదు కదమ్మా!"

మేధ కళ్ళు తుడుచుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని ఎక్కడ పెట్టాలో చూపించింది.

"మళ్ళీ మొదట్నుంచి, అంకుల్."